అరుపు ముందా, టచ్ ముందా

ఫిబ్రవరి 2, ఆదివారం

మిల్లు జట్టు సొంత హాల్లో వాలీబాల్ మ్యాచ్. నాలుగు సెట్లలో మిల్లువాళ్ళే గెలిచారు. హాలు కిటకిటలాడింది. పైన రేకుల కప్పు, కింద ఇనుప మెట్లు. ఆ మెట్ల మీద జనం కాళ్ళతో తొక్కితే పిడుగులు పడుతున్నట్టే ఉంటుంది. బయటి ఊరి జట్లు ఆ హాల్లో అడుగు పెట్టగానే సగం ఓడిపోతాయంటారు. రిఫరీకి మాత్రం ఏ హాలైనా ఒకటే. నాకు గోల వినిపించదు. గొప్పకు రాసుకోవడం లేదు. విజిల్ నోట్లో పెట్టుకుంటే చాలు, నా చెవులు మూసుకుపోతాయి.

మూడో వరసలో చారల చొక్కావాడు "కళ్ళజోళ్ళమ్మా, నువ్వూ ఒక జోడు పెట్టుకోవమ్మా" అన్నాడు. వాడి పక్కనున్నవాడు "షాపువాళ్ళు అరువివ్వరేమోరా" అన్నాడు. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తానని ఈ ఊళ్ళో వాళ్ళకెలా తెలిసిందో! వెనక వరసలో ఒక పెద్దమనిషి నాది బాతు నడక అన్నాడు. నెట్ పక్కన స్టాండెక్కి కదలకుండా నిలబడ్డదాని నడక ఆయనకెలా కనిపించిందో మరి. ఇలాంటివి నేను పట్టించుకోను.

మాష్టారు వచ్చారు. లీగ్ తరఫున రిఫరీలను గమనించడం ఇప్పుడాయన పని. నాకు విజిల్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. మ్యాచ్ అయ్యాక మెచ్చుకుంటారని ఆయన చుట్టూ కాసేపు తిరిగాను. "బుధవారం సాయంత్రం ఒకసారి ఇంటికి రా అమ్మా" అన్నారు, అంతే. ఫైనల్ గురించే అయ్యుంటుంది. ఆడవాళ్ళ లీగే అయినా ఫైనల్లో ఇప్పటిదాకా ఒక్క ఆడది మొదటి రిఫరీగా స్టాండెక్కలేదు. ఈసారి నేనేనని అందరూ అంటున్నారు. పైకి అనకపోయినా నేనూ అదే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 3, సోమవారం

అత్తయ్య పొద్దున్నే నా ముందు కూర్చుని, నిన్నటి మ్యాచ్ మొత్తం నాకే చెప్పింది. ఆ మిల్లు ఊరు ఆవిడ పుట్టిల్లు. పుట్టింటి మీద ఈగ వాలనివ్వదు, పుట్టింటి జట్టు మీద దోమ కూడా వాలనివ్వదు.

మా ఆయన బస్సు డ్యూటీకి బయల్దేరుతూ "టచ్ టచ్ అంటారు, అసలదేంటి?" అన్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక అడిగే ప్రశ్న! అయినా చెప్పాను. కొట్టిన బంతి గీత బయట పడితే కొట్టినవాళ్ళకే నష్టం. కానీ దారిలో అవతలి బ్లాకర్ వేలికి గోరంత తగిలి బయట పడితే మాత్రం పాయింట్ కొట్టినవాళ్ళదే. ఆ గోరంతను పట్టుకోవాల్సింది నేను. గీత దగ్గర జెండాలు పట్టుకునేది హాలున్న ఊరివాళ్ళే కాబట్టి, మా లీగ్‌లో వాళ్ళు గీత తప్ప ఇంకేమీ చూడకూడదు. టచ్ చెప్పే బాధ్యత నా ఒక్కదానిదే.

"అంత చిన్నది ఎలా కనిపిస్తుంది?" అన్నాడు.

"కనిపిస్తుంది" అన్నాను.

ఫిబ్రవరి 5, బుధవారం

మాష్టారి భార్య టీ ఇచ్చి, నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మాష్టారు టీవీలో ఆదివారం మ్యాచ్ పెట్టి ఒకచోట ఆపారు. "ఈ బంతి చూడమ్మా. టచ్ ఉందా?"

మిల్లు జట్టు అమ్మాయి స్మాష్ కొట్టింది. బంతి బ్లాకర్ చేతుల మీదుగా దూసుకెళ్ళి గీత బయట పడింది. హాలంతా "టచ్" అని లేచింది. "ఉంది, చిటికెన వేలికి" అన్నాను. ఇంకొకటి చూపించారు. ఉంది. మరొకటి చూపించారు. "ఉంది మాష్టారూ. ఆరోజు ఇచ్చాను కదా" అన్నాను.

మాష్టారు రిమోట్ తీసుకుని శబ్దం తీసేసి, అవే మూడు బంతులు మళ్ళీ మొదటి నుంచి వేశారు.

మొదటిదాంట్లో బంతికీ వేలికీ మధ్య వెలుతురు కనిపించింది. రెండోదీ అంతే. మూడోదానికైతే బ్లాకర్ చేతులు నెట్ పైకి రానే లేదు.

మళ్ళీ పెట్టమన్నాను. శబ్దంతో చూస్తే తగిలింది. శబ్దం లేకుండా చూస్తే తగల్లేదు. టీవీ అదే, కళ్ళు నావే. నా చేతిలో టీ తొణికి ఒళ్ళో పడింది.

"అంటే నేను మిల్లువాళ్ళ పక్షమంటారా?" నా గొంతు వంటింటి దాకా వినిపించి ఉంటుంది.

"నువ్వెవరి పక్షమూ కాదమ్మా. ఏ జట్టువాళ్ళు ఇచ్చినా మంచినీళ్ళు కూడా తాగవని నాకు తెలుసు. సంగతేంటంటే, నువ్వు టచ్‌ని చెవితో పట్టుకుంటావు. ఆడే రోజుల్నుంచీ నీకదే అలవాటు. ఖాళీ హాల్లో వేలికి బంతి రాసుకుంటే చిన్న చప్పుడవుతుంది. అది మాకెవరికీ వినపడేది కాదు, నీకు వినపడేది. అప్పుడది వరం. ఇప్పుడు ఆ రేకుల హాల్లో ఆ చప్పుడెక్కడ వినపడుతుంది? నీ చెవి దానికోసం కాచుకుని ఉంటుంది. ఈలోగా జనం టచ్ అంటారు. చెవి దాన్నే తీసుకెళ్ళి కంటికి చెప్తుంది."

"మరి బయటి జట్టు కొట్టినప్పుడో?"

"అప్పుడు అరిచేవాళ్ళు ఎవరున్నారు? నువ్వూ టచ్ ఇవ్వవు."

ఫైనల్ సంగతి అడగకుండా లేవాలనుకుని కూడా అడిగేశాను. "వచ్చే నెల మొదట్లో పేరు పంపాలి. ఇలాగే ఉంటే నీ పేరు రాయలేనమ్మా" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకూ కష్టంగానే ఉంది. ఆ కష్టం చూస్తే నాకింకా ఒళ్ళు మండింది.

ఫిబ్రవరి 6, గురువారం

మాష్టారికి వయసైపోయింది. ఆ టీవీ కొన్ననాటి నుంచీ మసకే. ఆ కెమెరా పెట్టిన చోటు కూడా సరైంది కాదు. రిమోట్ చేతిలో ఉంటే ఎవరినైనా దొంగను చెయ్యొచ్చు. అయినా ఆ సెట్లో మిల్లువాళ్ళు ఎలాగూ గెలిచేవాళ్ళే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. నాకు గోల వినిపించదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

వినిపించదు.

ఫిబ్రవరి 8, శనివారం

మాష్టారిది తప్పని తేల్చేద్దామని మా టీవీలో వేరే జట్ల పాత మ్యాచ్ పెట్టాను. శబ్దం తీసేసి ముందు నేనొక్కదాన్నే చూసి ఎక్కడ టచ్ ఉందో ఎక్కడ లేదో తేల్చుకున్నాను. తర్వాత మా ఆయన చేతికి పళ్ళెం, గరిటె ఇచ్చి, ఏ బంతికి తోస్తే ఆ బంతికి మోగించి టచ్ అని అరవమన్నాను. అత్తయ్యను పిలవలేదు. తనే వచ్చి కుర్చీ లాక్కుంది.

ఇద్దరూ మొదట సిగ్గుపడ్డారు. కాసేపటికి పూనకం వచ్చినట్టు అరిచారు. పక్కింటావిడ వచ్చి కిటికీలోంచి చూసి వెళ్ళింది.

మామూలుగా చూసినప్పుడు అవుట్ అన్న బంతిని, పళ్ళెం మోగితే టచ్ అన్నాను. ఒకసారి కాదు. మా ఆయన నవ్వడం మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. గరిటె పక్కన పెట్టి "నా అరుపు బాగాలేదేమో" అన్నాడు, పాపం.

అత్తయ్యకు అప్పుడు అర్థమైంది అసలు విషయం. "అంటే మా వాళ్ళు నీ దయ వల్ల గెలుస్తున్నారనా ఆ పెద్దాయన అనేది?"

"అలా కాదు అత్తయ్యా."

"ఇంకెలా? చూడమ్మాయ్, మా ఊరి పిల్లలు చేవతో గెలుస్తారు. వాళ్ళకు ఎవరి భిక్షా అక్కర్లేదు. నువ్వు ఉత్తినే ఇచ్చిన పాయింటు మాకొద్దు, వెనక్కి తీసుకో!"

వెనక్కెలా తీసుకుంటాను? మాష్టారు చెప్పినప్పుడు ఓడినవాళ్ళకు చేసిన అన్యాయమే గుర్తొచ్చింది. గెలిచినవాళ్ళ గెలుపునూ పాడుచేశానని అత్తయ్య అనేదాకా తట్టలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

చెవుల్లో దూది పెట్టుకుని షాపులో పనిచేసి చూశాను. ఒకావిడ ఫ్రేము ధర అడిగి అడిగి, నన్ను పొగరుబోతని తిట్టి వెళ్ళిపోయిందట. ఓనరు చెప్పాడు. దూదితో స్టాండెక్కడం కుదరదు. కెప్టెన్ల మాట వినాలి, రెండో రిఫరీ విజిల్ వినాలి. దూది తీసి పారేశాను.

మరీ అంత కష్టమేం కాదు. జనం ఎటు అరిస్తే దానికి లొంగకుండా ఉంటే సరి. ఆదివారం రేవు జట్టు హాల్లో మ్యాచ్ ఉంది. చూపిస్తాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

చూపించాను!

రేవు జట్టు సొంత ఊళ్ళో ఓడిపోయింది. హాలు హాలంతా టచ్ టచ్ అని గొంతు చించుకుంది. ఒక్కటంటే ఒక్కటి ఇవ్వలేదు. రెండు చేతులూ పైకి మడిచి అవుట్, అవుట్, అవుట్. నన్ను, మా ఇంటాయన్ను, మా షాపును కలిపి తిట్టారు. ఎంత హాయిగా ఉందో! సొంత ఊరి జట్టుకు వంగే రిఫరీని ఇలా తిడతారా? ఇంతకంటే రుజువేం కావాలి?

రేవు జట్టు కెప్టెన్ చాలా పొడుగు పిల్ల. అందరూ నిచ్చెన అంటారు. మ్యాచ్ అయ్యాక వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "మేడమ్, కోపంతో అడగడం లేదు. ఇవాళ మేం ఏం తప్పు చేశామో చెప్తారా? దిద్దుకుంటాం."

"ఆట మీద దృష్టి పెట్టు" అన్నాను.

సరే అని తలూపి వెళ్ళిపోయింది. బ్లాకు, స్మాష్ రెంటిలోనూ ఇవాళ కోర్టులో అందరికంటే బాగా ఆడింది ఆ పిల్లే. అది ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

ఫిబ్రవరి 17, సోమవారం

మాష్టారు ఫోన్ చేశారు. మెచ్చుకోవడానికే అనుకుని మొదటి రింగుకే ఎత్తాను.

"నిన్న గోలకు ఎదురు వెళ్ళావు కదమ్మా?"

"అవును మాష్టారూ."

"ఎదురు వెళ్ళాలన్నా అదెటు నుంచి వస్తుందో వినాలి కదా? నిన్న నువ్వు ఆట చూడలేదు. జనాన్ని విన్నావు. విని, వాళ్ళు అన్నదానికల్లా కాదన్నావు."

ఫోన్ చెవికి ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాను.

"వాటిలో నిజమైన టచ్‌లు కనీసం నాలుగున్నాయి. ఒక జట్టుకు ఎక్కువ పెట్టానని ఇంకో జట్టుకు తక్కువ పెట్టి సరిచెయ్యడం కొట్టువాడి తూకం. మన పని అది కాదు."

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. నిచ్చెన అడిగినప్పుడు నా దగ్గర జవాబు ఉంది. "నువ్వేం తప్పు చెయ్యలేదు" అని అనాల్సింది.

ఫిబ్రవరి 19, బుధవారం

విజిల్ సొరుగులో పడేశాను. మా ఆయన తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ సొరుగులో పడేశాను. మళ్ళీ బల్ల మీదకు వచ్చింది.

ఫిబ్రవరి 22, శనివారం

ఇవాళ పొద్దున జరిగింది జరిగినట్టు రాయాలి.

మా పాత జట్టు ఇప్పటికీ శనివారాలు కలుస్తుంది. ఆడటానికని పేరు, సగం సేపు నడుముల గురించి, మోకాళ్ళ గురించే మాట్లాడుకుంటాం. ఒకప్పుడు స్మాష్ కొడితే బ్లాకర్లు మొహం తిప్పుకునేవాళ్ళు కాబట్టి మా ఫిరంగికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడది పళ్ళ డాక్టరు. సిగ్గు విడిచి అందరికీ అన్నీ చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. ఫిరంగి చీరకొంగు బిగించి "అయితే ఏం చేద్దామో చెప్పవే" అంది.

నేను స్టూలెక్కి నిలబడ్డాను. ఫిరంగి కొట్టాలి, ఇద్దరు బ్లాక్ చెయ్యాలి, బంతి తగిలినా తగలకపోయినా అందరూ టచ్ అని అరవాలి. తర్వాత నిజం చెప్పాలి.

"పళ్ళు పీకేటప్పుడు రోజూ ఎవరో ఒకరు అరుస్తుంటే వింటాను. నాకు అరిచే అవకాశం ఇన్నాళ్ళకు వచ్చింది" అంది ఫిరంగి. ఆ గొంతుకి గోడ మీద కాకులు లేచిపోయాయి.

చాలాసేపు తప్పే చెప్పాను. బ్లాకర్ల వేళ్ళనే గుడ్లప్పగించి చూశాను. వేళ్ళు దొరకవు. ఎగిరిన చేతులు అన్నీ ఒకేలా వణుకుతాయి. చూపు తడబడగానే అరుపు వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. ఆ సంగతి ఇవాళ నాకు నేనుగా పట్టుకున్నాను. మాష్టారు చెబితే ఒప్పుకోని దాన్ని.

ఇంతలో ఫిరంగి కొట్టిన కొట్టుడికి మంచి బంతి కాస్తా ప్రహరీ దాటి కాలవలో పడింది. మిగిలింది ఒక ముసలి బంతి. దానికి ఒక పక్కన నల్లటి అతుకు ఉంది. సరే, దాంతోనే కానిమ్మన్నాను.

ఫిరంగి కొట్టింది. బంతి గిర్రున తిరుగుతూ వస్తుంటే ఆ నల్ల అతుకు గాల్లో ఒకే తీరుగా చక్రం గీస్తోంది. బ్లాకర్ చేతులు దాటింది. చక్రం చెదరలేదు. అందరూ టచ్ అని అరిచారు. "లేదు" అన్నాను. నిజంగానే లేదు.

మళ్ళీ కొట్టింది. చేతులు దాటగానే ఆ నలుపు ఒక్కసారి తూలి, అడ్డం తిరిగి, వేరేగా గిరగిరలాడింది. "తగిలింది" అన్నాను. బ్లాకర్ నోరు తెరిచి, గోరు చూపించింది. గోరుకే తగిలింది!

"ఎలా చెప్పావే?" అంటూ అందరూ నా మీదకొచ్చారు. ఇన్నేళ్ళూ బంతి వేళ్ళను దాటే దాకానే చూశాను. దాటాక ఎలా తిరుగుతోందో ఎప్పుడూ చూడలేదు. తగిలితే తిరగడం మారి తీరుతుంది. ఎంత పెద్ద హాలైనా, ఎంతమంది అరిచినా, తిరిగే బంతిని ఎవరూ మార్చలేరు.

తర్వాత నన్ను మోసం చెయ్యాలని చూశారు. ఒకామె బంతి తగలకుండానే "అమ్మో నా వేలు" అని కూలబడింది. ఇంకొకామె తగిలినా ఏమీ ఎరగనట్టు ఆకాశం వంక చూసింది. ఒక్కటీ పారలేదు. ఫిరంగి చెమట తుడుచుకుంటూ "ఇంక చాలు తల్లీ, సోమవారం నాకు పేషెంట్లున్నారు, చెయ్యి లేవకపోతే ఏం పీకను?" అంది.

ఇంటికి వచ్చి విజిల్ సబ్బుతో కడిగాను. మా ఆయన చూసి తువ్వాలు ఇచ్చాడు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

కొత్త బంతికి అతుకు ఉండదు. పసుపు, నీలం పట్టీలుంటాయి. రోజూ షాపుకు ముందు కోర్టుకు వెళ్ళి, ఎవరో ఒకరిని బతిమాలి కొట్టించుకుంటున్నాను. సరిగ్గా తిరిగితే ఆ రంగులు కలిసి ఒక్కటే వలయం అవుతాయి. గోరు తగిలినా చాలు, వలయం విడిపోయి పసుపు వేరుగా, నీలం వేరుగా కనిపిస్తాయి. మొదట్లో కళ్ళు లాగేసేవి. ఇవాళ లాగలేదు.

మార్చి 2, ఆదివారం

కొండకింది ఊరి హాల్లో మ్యాచ్. అక్కడ డప్పులు కూడా తెచ్చారు.

మొదటి సెట్లోనే సొంత జట్టు స్మాష్ బయట పడింది. జనం టచ్ అన్నారు. వలయం చెదరలేదు. అవుట్ ఇచ్చాను. కాసేపటికి అదే జట్టుకు, అదే అరుపు మీద టచ్ ఇచ్చాను. ఎందుకంటే తగిలింది. రెండుసార్లూ నా చెయ్యి ఆగలేదు. బయటి జట్టు కొట్టిన బంతికి ఎవరూ అరవని టచ్ కూడా ఒకటి ఇచ్చాను. వాళ్ళ కోచ్ ఆశ్చర్యపోయి కుర్చీలోంచి లేచాడు.

మ్యాచ్ అయ్యాక మాష్టారు తన ఫ్లాస్కు మూత తీసి, అందులో టీ పోసి నాకిచ్చారు. ఆ ఫ్లాస్కులో టీ ఆయన ఎవరికైనా పోసినట్టు మా రిఫరీలలో ఒక్కరు కూడా చెప్పగా వినలేదు. చక్కెర లేదు. అంత రుచైన టీ నేను తాగలేదు.

మార్చి 4, మంగళవారం

నా పేరు పంపారు! ఫైనల్ నాదే!

షాపులో ఒకాయనకు కళ్ళజోడు పెడుతుండగా ఫోన్ వచ్చింది. ఆయన ముక్కు మీద జోడు వంకరగా వదిలేసి కేక పెట్టాను. ఆయన కంగారుపడి "చూపు పోయిందా?" అన్నాడు.

లీగ్‌లో మొదట నిలిచింది కాబట్టి మిల్లువాళ్ళ హాల్లోనే ఫైనల్. ఎదురుగా రేవు జట్టు. ఉత్త పుణ్యానికి నేను పాయింట్లిచ్చింది ఒకరికి, న్యాయంగా రావాల్సినవి ఎగ్గొట్టింది ఇంకొకరికి. వాళ్ళిద్దరి మధ్యే నిలబడాలి. రిఫరీ నచ్చకపోతే బయటి జట్టు అభ్యంతరం చెప్పొచ్చు. నిచ్చెన చెప్పలేదట. "ఆవిడే ఉండనివ్వండి" అందట. అది నమ్మకమో, పరీక్షో తెలియదు. ఏదైనా సరే.

అత్తయ్య కూడా వస్తానంది. "ముందే చెప్తున్నా. మా వాళ్ళ వైపే కూర్చుంటా. కోడలు కదా అని మొహమాటపడను."

"పడకండి అత్తయ్యా."

మార్చి 8, శనివారం

తెల్ల బూట్లు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను.

మార్చి 9, ఆదివారం

అక్షరాలు వంకర పోతే పోనీ, ఈ రాత్రే రాసెయ్యాలి.

హాలు బయట కూడా జనమే. లోపల ఇనుప మెట్లు ఒక లయలో మోగుతున్నాయి. స్టాండెక్కి చూస్తే చారల చొక్కావాడు అదే మూడో వరసలో, అదే చొక్కాలో ఉన్నాడు. వాడికి రెండు వరసల పైన మా అత్తయ్య. మెడలో మిల్లు జట్టు ఎర్ర కండువా! ఎక్కడ సంపాదించిందో. పక్కన మా ఆయన ఎటు చూడాలో తెలియక పై రేకుల వంక చూస్తున్నాడు.

నాలుగు సెట్లలో చెరి రెండు. అయిదోది పదిహేనుకే. రెండు పాయింట్ల తేడాతో గెలవాలి. అక్కడి దాకా నా పని సాఫీగానే సాగింది. నాకు పడాల్సిన తిట్లు రెండు వైపుల నుంచీ సమానంగా పడ్డాయి.

రేవు పద్నాలుగు, మిల్లు పదమూడు. ఇంకొక్క పాయింటుతో కప్పు రేవు జట్టుది. మిల్లు అమ్మాయి ఎగిరి ప్రాణమంతా పెట్టి కొట్టింది. ఎదురుగా నిచ్చెన చేతులు లేచాయి. బంతి ఆ చేతుల మీదుగా వెళ్ళి, గీతకు బారెడు దూరంలో, వెనక గోడకు దగ్గరగా పడింది.

హాలు మూగబోయింది. అంత దూరం పోయిన బంతికి టచ్ అని అరవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కొట్టిన పిల్ల మోకాళ్ళ మీద కూలబడింది. రేవు పిల్లలు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. బెంచీ మీద వాళ్ళు తువ్వాళ్ళు గాల్లోకి విసిరారు.

కానీ నేను చూశాను. నిచ్చెన వేళ్ళు దాటగానే వలయం విడిపోయింది. పసుపు వేరు, నీలం వేరు.

అడగని టచ్ అది. ఎవరికీ అక్కర్లేదు. ఇస్తే సొంత ఊరికి కప్పు నిలబెట్టిన రిఫరీ అంటారు, నా పేరు ఈ జన్మకు బాగుపడదు. ఇవ్వకపోతే చిన్న గొణుగుడు కూడా ఉండదు. ఇవన్నీ ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు ఏమీ అనుకోలేదు. విజిల్ ఊదాను. చెయ్యి మిల్లు వైపు చాపాను. ఎడమ అరచెయ్యి నిలబెట్టి కుడిచేతి వేళ్ళతో రాశాను. టచ్.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలు పగిలిపోయింది. రేవు పిల్లలు నెట్ దగ్గరకు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ కోచ్ "సొంత ఊరికి అమ్ముడుపోయావు" అని అరిచాడు. ఆ మాట విన్నాను. చెయ్యి మాత్రం దించలేదు.

నిచ్చెన కదలకుండా తన వేళ్ళ వంక చూసుకుంటోంది. తర్వాత నెమ్మదిగా చెయ్యెత్తింది. "తగిలింది" అంది. వాళ్ళ పిల్లలు నమ్మలేదు. వాళ్ళ వైపు తిరిగి, గట్టిగా, "తగిలిందర్రా! నా వేలికే తగిలింది. ఆడదాం పదండి" అంది.

చేతిలో ఉన్న కప్పును ఆ పిల్ల ఒక్క మాటతో బల్ల మీద పెట్టేసింది. దానికి నేను అన్యాయం చేసి మూడు వారాలే అయింది. నాకు కళ్ళు చెమర్చాయి. రెప్పలు గట్టిగా మూసి తెరిచాను. ఏడవడానికి అది సమయం కాదు, బంతి కనపడాలి.

పద్నాలుగు సమం. తర్వాతి పాయింటు నిచ్చెన స్మాష్‌తో రేవుకు. పదిహేను, పద్నాలుగు.

రేవు కొట్టిన సర్వీస్‌ను మిల్లు అందుకుంది. మళ్ళీ అదే అమ్మాయి ఎగిరింది. బంతి ఇద్దరు బ్లాకర్ల మధ్య సందులోంచి దూసుకుపోయి గీతకు జానెడు బయట పడింది. ఈసారి హాలు మూగబోలేదు. అంతమంది జనం ఒకే గొంతుతో "టచ్" అన్నారు. రేకులు అదిరాయి, మెట్లు అదిరాయి, నా స్టాండు అదిరింది. నా పక్కటెముకల్లో తగిలింది ఆ అరుపు.

వలయం చెదరలేదు. గుండ్రంగా, శుభ్రంగా, నేల తాకే దాకా ఒక్కటిగానే ఉంది.

విజిల్. చెయ్యి రేవు వైపు. రెండు చేతులూ పైకి మడిచాను. అవుట్.

మ్యాచ్ అయిపోయింది. రేవు జట్టు గెలిచింది.

మిల్లు కెప్టెన్ నా దగ్గరకు వచ్చింది. ఏమంటుందోనని చూశాను. "మాకు కనిపించింది మేడమ్, తగల్లేదు" అని చెయ్యి కలిపి వెళ్ళిపోయింది. కొట్టిన పిల్ల ఏడుస్తూనే తలూపింది. అత్తయ్య చెప్పింది నిజమే. ఆ పిల్లలకు ఎవరి భిక్షా అక్కర్లేదు.

నిచ్చెన మెడలో పతకంతో వచ్చింది. ఆరోజు చెప్పాల్సింది ఇవాళ చెప్పాను. "మీ హాల్లో ఆరోజు మీరేం తప్పూ చెయ్యలేదు. తప్పు నాది."

"తెలుసు మేడమ్" అంది, నవ్వుతూ. తర్వాత వంగి, ఎందుకంటే నా చెవి దాకా రావాలంటే ఆ పిల్ల వంగాలి, "ఆ టచ్ మీకెలా కనిపించింది? నాకే లీలగా తెలిసింది!" అంది.

మాష్టారు ఫ్లాస్కు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. నా చేతిలోంచి విజిల్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ నా చేతిలో పెట్టారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకంతకంటే ఏం కావాలి?

తిరుగు బస్సులో ముగ్గురం. మా ఆయన ముందు సీట్లో డ్రైవర్‌తో కబుర్లలో పడ్డాడు. అత్తయ్య నా పక్కనే కూర్చుని ఎర్ర కండువా మడతలు పెడుతూ, విప్పుతూ ఉంది. ఊరు దాటాక గొంతు సవరించుకుంది. ఆ గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"అంత గట్టిగా అరిచానే, నీకసలు వినపడిందా?"

ఎప్పుడూ చెప్పే మాటే నోటి దాకా వచ్చింది. ఆపేశాను.

"వినపడింది అత్తయ్యా. అన్ని గొంతుల్లోకీ మీ గొంతే ముందు వినపడింది."

"మరి?"

"తగల్లేదు అత్తయ్యా."

కండువా ఆఖరిసారి మడిచి సంచిలో కుక్కేసింది. కోపమొచ్చిందనే అనుకున్నాను. తర్వాత నడవకు అవతల, ముక్కూ మొహం తెలియని ఒకావిడ కునికిపాట్లు పడుతుంటే ఆవిడ భుజం తట్టి లేపింది. నా వైపు వేలు చూపించి, ఉన్న ఆ కాస్త గొంతుతోనే, బస్సంతా వినపడేలా చెప్పింది.

"ఫైనల్ రిఫరీ అండీ. మా కోడలే!"